కానరీ దీవుల్లో తెరచాప పడవ మీద వారం రోజులు: నాన్నగారికి వ్యాపార పవనాలు చూపించాలి, సలహా ఇవ్వండి

గోదావరి గాలి | ఏప్రిల్ 6, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటాం. మా నాన్నగారు పాలకొల్లు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో 31 ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పారు. ప్రతి ఏడాదీ నల్లబల్ల మీద భూగోళం గీసి, భూమధ్యరేఖ వైపు ఏటవాలుగా బాణాలు వేసి, "ఇవి ఈశాన్య వ్యాపార పవనాలు, పాత రోజుల్లో ఓడలు వీటి మీదనే అట్లాంటిక్ దాటాయి" అని చెప్పేవారు. నేను కూడా ఆ తరగతిలోనే కూర్చుని ఆ బాణాలు నోటు పుస్తకంలో దించుకున్నాను. అమ్మా నాన్నా ఈ మే నెలలో మా దగ్గరికి వస్తున్నారు. ఆ గాలిలో ఆయనను ఒక్కసారైనా కూర్చోబెట్టాలని నా కోరిక.

మావారికి ఆర్‌వైఏ డే స్కిప్పర్ (పగటిపూట పడవ నడపడానికి బ్రిటన్ సంఘం ఇచ్చే) పత్రం ఉంది. ఇంగ్లండు దక్షిణ తీరంలోని సోలెంట్ జలసంధిలో మూడుసార్లు అద్దె పడవ నడిపారు. ఆగస్టు రెండో వారంలో, ఆఫ్రికా పక్కన అట్లాంటిక్‌లో ఉన్న కానరీ దీవుల్లో, లాంజరోటే అనే దీవిలో పడవ తీసుకుని, ఫ్యూర్టెవెంచురా, గ్రాన్ కనారియా, టెనెరీఫే, లా గొమేరా మీదుగా లా పాల్మా చూసి, మళ్లీ లాంజరోటేకు రావాలన్నది ఆలోచన. ఏడు రోజులు. నాన్నగారికి 68, అమ్మకు 63, పాపకు తొమ్మిదేళ్లు. వీలవుతుందా?

నల్ల ఇసుక | ఏప్రిల్ 6, రాత్రి 11:40

వీలు కాదండీ. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోవద్దు. నేను నాలుగేళ్లుగా టెనెరీఫేలోని లా లగూనాలో ఉంటున్నాను. సెలవు దొరికినప్పుడల్లా ఇక్కడి మిత్రుల పడవల మీద వెళ్తుంటాను.

లాంజరోటే నుంచి లా పాల్మాకు సూటిగా లెక్కేసినా రెండు వందల నాటికల్ మైళ్లకు పైనే. వెళ్లేటప్పుడు గాలి వెనుక నుంచి తోస్తుంది కాబట్టి హాయిగానే ఉంటుంది. తిరిగి రావడమంటే అంత దూరమూ ఎదురుగాలి, ఎదురు అలలు, దానికి తోడు ఎదురు ప్రవాహం. కానరీ ప్రవాహం కూడా నైరుతి దిశగానే పారుతుంది. అరవై దాటిన పెద్దవాళ్లతో ఆ ప్రయాణం చేయకూడదు.

రెండో మాట, ఆగస్టు. ఇక్కడ గాలి ఎక్కువగా ఉండేది జూలై, ఆగస్టు నెలల్లోనే. ఎనిమిది దీవులూ ఒకే సెలవులో చూసేయాలన్న కోరిక వదిలేయండి. రెండు దీవులు చాలు.

హుస్సేన్‌సాగర్ తెరచాప | ఏప్రిల్ 7, ఉదయం 7:05

ఆగస్టు గురించి నా అనుభవం చెబుతాను. నేను హుస్సేన్‌సాగర్‌లో లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ మీద నేర్చుకున్నవాడిని. ఆ తర్వాత గ్రీసులో రెండు సెలవులు గడిపాను. ఆ ధైర్యంతో నిరుడు ఆగస్టులో ముగ్గురు మిత్రులతో లాంజరోటే దక్షిణ కొసన ఉన్న ప్లాయా బ్లాంకా నుంచి బయలుదేరాను. ఎదురుగా ఫ్యూర్టెవెంచురా కనిపిస్తూనే ఉంటుంది, మధ్యలో లోబోస్ అనే చిన్న దీవి. ఒడ్డు మరుగున 14 నాట్ల గాలి (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, దాదాపు 1.85 కిలోమీటర్లు). పెద్ద చాప పూర్తిగా ఎత్తేశాం. అరగంట తర్వాత మరుగు దాటగానే గాలి 30 నాట్లకు వెళ్లింది. పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది, చుక్కాని మాట వినలేదు, చాప కుదించడానికి కొయ్య దగ్గరికి వెళ్లిన మిత్రుడు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. సెలవు రెండో రోజే ముగిసింది.

గాలి పెరిగాక చాప కుదిద్దామని చూడటమే నేను చేసిన తప్పు. ఇక్కడ ముందే కుదించాలి.

కోరంగి రేవు | ఏప్రిల్ 7, సాయంత్రం 6:30

పై ఇద్దరూ చెప్పినది అక్షరాలా నిజం. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే అమ్మాయి తండ్రిగారికి మరింత ఆసక్తిగా ఉంటుందని రాస్తున్నాను. నేను వాణిజ్య నౌకల్లో 27 ఏళ్లు పనిచేసి కాకినాడలో స్థిరపడ్డాను. ఇంధనం కోసం గ్రాన్ కనారియాలోని లాస్ పాల్మాస్ రేవుకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఏజోర్స్ దీవుల దగ్గర అధిక పీడన ప్రాంతం ఒకటి దాదాపు ఏడాది పొడవునా ఉంటుంది. దాని తూర్పు అంచు నుంచి దిగే గాలే ఈ ఈశాన్య పవనం. అయితే సముద్రం మీది చల్లని, తేమ గాలికి పైన వెచ్చని పొడి గాలి ఒక పొర కప్పి ఉంటుంది, గిన్నె మీద మూత లాగా. ఆ మూత సాధారణంగా వెయ్యి, పదిహేను వందల మీటర్ల ఎత్తులో ఉంటుంది, వేసవిలో ఇంకా కిందికి దిగుతుంది. టెనెరీఫేలోని టెయిదే శిఖరం ఎత్తు 3,715 మీటర్లు. గ్రాన్ కనారియా, లా పాల్మా కొండలు కూడా మూతను చీల్చుకుని పైకి వెళ్లేవే. కింది గాలికి కొండ మీదుగా దాటే దారి లేదు. పక్కలకు తిరిగి, రెండు దీవుల నడుమ సందులో దూరుతుంది.

పాపికొండల దగ్గర గోదావరిని చూసిన వారికి ఇంతకన్నా చెప్పనక్కర లేదు. పోలవరం దగ్గర మైలు వెడల్పున తాపీగా పారే నది, పైన ఆ కొండల మధ్య ఇరుకులో ఎలా ఉరకలేస్తుందో తలచుకోండి. ఇక్కడ నీటికి బదులు గాలి. 15 నాట్ల గాలి కొన్ని వందల మీటర్ల దూరంలోనే 25, 30 అవుతుంది. దీవి వెనుక మరుగులోకి వెళ్తే ఒక్కసారిగా చచ్చిపోతుంది, కొన్నిచోట్ల సుడి తిరిగి నైరుతి నుంచి వీస్తుంది.

అక్కడి నావికులు గాలి తగిలే వైపును బార్లోవెంటో అనీ, మరుగు వైపును సోటావెంటో అనీ అంటారు. ఊళ్లకూ తీరాలకూ కూడా ఆ పేర్లే పెట్టుకున్నారు. దీవిలో ఒక ఊరు పచ్చగా ఉందా, ఎండిపోయి ఉందా అన్నది కూడా ఈ రెండు మాటలే తేలుస్తాయి.

హుస్సేన్‌సాగర్ మిత్రుడా, ముందున్న నీటిని చూడటం అలవాటు చేసుకో. వేగపు గాలి మొదలయ్యే చోట తెల్లని నురగ గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత కనిపించేసరికే చాప కుదించి ఉండాలి. ఇవతల ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ పని చేయడానికి మనసు ఒప్పుకోదు. ఒప్పించుకోవాలి.

గోదావరి గాలి | ఏప్రిల్ 8, రాత్రి 8:15

కోరంగి రేవు గారూ, మీ జవాబు నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను. ‘మూత’ దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. 31 ఏళ్లు ఆ బాణాలను తిన్నగా గీశానే అన్నారు.

ఆగస్టు మానుకున్నాం. పాప బడికి అక్టోబరు చివరి వారం సెలవులు ఉంటాయి. అప్పుడు ఎలా ఉంటుంది? ఏ రెండు దీవులు?

నల్ల ఇసుక | ఏప్రిల్ 8, రాత్రి 10:50

అక్టోబరు చివర బాగుంటుంది. నీరు ఏడాదిలో వెచ్చగా ఉండేది అప్పుడే, 22, 23 డిగ్రీలు. వ్యాపార పవనం ఉంటుంది కానీ వేసవిలోలా రోజుల తరబడి ఉగ్రంగా ఉండదు. ఒక్క జాగ్రత్త: శరత్తులో అప్పుడప్పుడు అట్లాంటిక్ నుంచి అల్పపీడనాలు వస్తాయి. అప్పుడు గాలి దక్షిణం, నైరుతి నుంచి వీచి, మామూలుగా మరుగుగా ఉండే దక్షిణ తీరాలే ప్రమాదకరం అవుతాయి. 2005 నవంబరు చివర డెల్టా తుపాను గ్రాన్ కనారియాలో ‘దేవుని వేలు’ అని పిలిచే రాతి స్తంభం కొసను విరిచేసింది. అంతటిది అరుదు. అయినా ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.

లాస్ పాల్మాస్ వైపు మాత్రం ఆ రోజుల్లో వెళ్లకండి. 1986 నుంచి ప్రతి నవంబరులో అక్కడి నుంచి వందల పడవలు బృందంగా అట్లాంటిక్ దాటి కరీబియన్ వెళ్తాయి. వాటి రద్దీలో రేవులో చోటు దొరకడం కష్టం.

నా మాట వింటే టెనెరీఫే దక్షిణ తీరంలోని సాన్ మిగేల్ రేవులో పడవ తీసుకుని లా గొమేరా వెళ్లండి. ముప్పై మైళ్ల లోపు దూరం. మధ్య జలసంధిలో మీ నాన్నగారు కోరిన గాలి నిండుగా దొరుకుతుంది, అదీ వెనుక పక్క నుంచి. సాన్ సెబాస్టియన్ రేవు ఊరి నడిబొడ్డున ఉంటుంది. రెండు రాత్రులు ఉండి, దీవి దక్షిణం చుట్టి వాయే గ్రాన్ రే చూసి, తిరిగి అదే దారిన రండి.

గ్రీసులోలా సాయంత్రానికి తీరంలో ఏదో ఒక చిన్న వంపులో లంగరు వేసుకుందామంటే ఇక్కడ కుదరదు. ఇవి సముద్ర గర్భం నుంచి నిలువుగా లేచిన అగ్నిపర్వతాలు. ఒడ్డు పక్కనే లోతు. లంగరు పట్టే చోట్లు తక్కువ, ఉన్నచోట అలల పొంగు రాత్రంతా ఊపుతుంది. ప్రతి రాత్రికీ ఒక రేవు అనుకుని ముందే చోటు రాయించుకోండి.

సత్యవతి | ఏప్రిల్ 9, మధ్యాహ్నం 2:20

అమ్మాయీ, నీ మాటల్లో నాన్నగారి కోరిక వింటున్నాను, అమ్మగారి కోరిక వినిపించలేదు. ఆమె ఎప్పుడైనా పడవ ఎక్కారా? మా అబ్బాయి నన్ను పోర్చుగల్‌లో ఒక రోజు ఇలాగే తీసుకెళ్లాడు. కడుపులో తిప్పి రోజంతా మంచినీళ్లు కూడా దిగలేదు. డాక్టరును అడిగి మాత్ర ముందే వేసుకోవాలి. లోపలి గదిలో పడుకోనివ్వకు, బయట కూర్చుని దూరంగా దిగంతం కేసి చూడమను. ఖాళీ కడుపుతో ఉండకూడదు, నూనె వంటలూ తినకూడదు.

పడవలో మరుగుదొడ్డి ఎలా ఉంటుందో, రాత్రి నిద్రలో లేస్తే ఏది పట్టుకుని నడవాలో ఆమెకు ముందే చూపించు. మాకు ఇవే పెద్ద విషయాలు. అవసరమైతే ఆమె ఒడ్డున ఉండిపోయే ఏర్పాటు కూడా చూడు. మొహమాటానికి సరేనంటారు.

నల్ల ఇసుక | ఏప్రిల్ 9, సాయంత్రం 5:10

సత్యవతి గారు చాలా ముఖ్యమైన మాట అన్నారు. సాన్ సెబాస్టియన్ నుంచి టెనెరీఫేలోని లాస్ క్రిస్టియానోస్‌కు ప్రతి రోజూ పెద్ద ఓడలు ఉన్నాయి, గంట లోపు చేరుస్తాయి. తిరుగు ప్రయాణంలో గాలి ముందు పక్క నుంచి వస్తుంది, పడవ అలలను కొట్టుకుంటూ వెళ్తుంది. ఆ పూట అమ్మగారు ఓడలో రావచ్చు.

వీసా సంగతి కూడా. కానరీ దీవులు స్పెయిన్‌లో భాగం, షెంగెన్ వీసా కావాలి. ఇంగ్లండుకు చుట్టపు చూపుగా వచ్చినవారి దరఖాస్తు మామూలుగా అక్కడ తీసుకోరు. మీ అమ్మానాన్నలను బయలుదేరే ముందే హైదరాబాదులో తీసుకుని రమ్మనండి.

సముద్రం అంటే భయం | ఏప్రిల్ 10, ఉదయం 9:00

ఓర్కాలు (కిల్లర్ వేల్స్) పడవల చుక్కానులు విరిచేస్తున్నాయని వార్తల్లో చూశాను. పిల్లతో వెళ్తున్నారు కదా?

కోరంగి రేవు | ఏప్రిల్ 10, ఉదయం 10:25

2020 నుంచి వింటున్న ఆ సంఘటనలు ప్రధానంగా జిబ్రాల్టర్, పోర్చుగల్, స్పెయిన్ ఉత్తర తీరాల దగ్గరివి. టెనెరీఫే, గొమేరా మధ్య కనిపించేవి పైలట్ తిమింగలాలు. ఏడాది పొడవునా అక్కడే నివసిస్తాయి. వాటి దారికి అడ్డు వెళ్లకుండా, వేగం తగ్గించి, దూరం పాటిస్తే చాలు. భయపడకండి.

హుస్సేన్‌సాగర్ తెరచాప | ఏప్రిల్ 10, రాత్రి 9:30

ఇంకొకటి గుర్తుకు వచ్చింది. పడవ అప్పగించేటప్పుడు అంగుళం అంగుళం వీడియో తీయండి. అడుగు భాగంలో, లంగరు గొలుసు దగ్గర, చిన్న రబ్బరు పడవ మీద. మేము తీసుకున్న సంస్థ, మాకన్నా ముందే ఉన్న ఒక గీతకు మా ధరావతు నుంచి 400 యూరోలు కోసుకుంది. మా దగ్గర సాక్ష్యం లేదు. రెండు వారాలు ఉత్తరాలు రాసి ఊరుకున్నాం.

లంగరు ఎత్తే యంత్రాన్ని కూడా వారి ముందే ఒకసారి పూర్తిగా దించి ఎత్తించండి.

తంగేడు పూలు | ఏప్రిల్ 12, సాయంత్రం 4:45

పడవ నడపడం నాకు తెలియదు, చరిత్ర పాఠాలు చెబుతాను. నాన్నగారు సాంఘిక శాస్త్రం మాస్టారు కాబట్టి రాస్తున్నాను. కొలంబస్ 1492లో స్పెయిన్ నుంచి తిన్నగా అమెరికా వెళ్లలేదు. ‘పింటా’ ఓడ చుక్కాని పాడైతే గ్రాన్ కనారియాలో బాగు చేయించుకుని, లా గొమేరాలో నీళ్లూ సరుకులూ నింపుకుని, సెప్టెంబరు 6న సాన్ సెబాస్టియన్ నుంచి బయలుదేరాడు. ఇంత దక్షిణానికి దిగి వెళ్లడానికి కారణం మీ నాన్నగారి బాణాలే. ఇక్కడ గాలి వెనుక నుంచి వీస్తుందని ఆయనకు తెలుసు. ఆ నీళ్లు తోడారని చెప్పే బావిని ఇప్పటికీ చూపిస్తారు.

అయితే ఆ బావి దగ్గర నిలబడినప్పుడు మరో సంగతి కూడా తలచుకోమని నా మనవి. అంతకు నాలుగేళ్ల ముందే, 1488లో, గొమేరా మూలవాసులు తమను పీడించిన స్పెయిన్ దొర హెర్నాన్ పెరాసాను చంపి తిరగబడ్డారు. ప్రతీకారంగా వందల మందిని చంపారు, ఎందరినో బానిసలుగా అమ్మారు. 1402లో లాంజరోటేతో మొదలైన ఆక్రమణ 1496లో టెనెరీఫేతో ముగిసింది. అమెరికాలో జరగబోయినది ముందుగా జరిగింది ఈ దీవుల్లోనే. మన పాఠ్య పుస్తకాల్లో ఈ దీవుల పేరు ఓడ ఆగిన చోటుగానే వస్తుంది. అక్కడ మనుషులు ఉండేవారు.

గోదావరి గాలి | నవంబరు 9, రాత్రి 10:05

ఏడు నెలల తర్వాత రాస్తున్నాను. వెళ్లి వచ్చాం. మీరందరూ చెప్పిన ఒక్కొక్క మాటా అక్కరకు వచ్చింది.

40 అడుగుల పడవ తీసుకున్నాం. మావారికి పత్రం ఉన్నా, హుస్సేన్‌సాగర్ మిత్రుని అనుభవం చదివాక ఒక స్థానిక నావికుణ్ణి వారమంతా వెంట పెట్టుకున్నాం. గొమేరాలో పుట్టిన ముప్పై ఐదేళ్ల యువకుడు. మొదటి సాయంత్రం రేవులోనే మా అందరికీ లైఫ్ జాకెట్లు బిగించి, ఏ తాడు ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో పాపకు కూడా నేర్పాడు. అమ్మకు మరుగుదొడ్డి, పట్టుకునే కడ్డీలు అన్నీ నేను చూపించాను, సత్యవతి గారూ.

రెండో రోజు ఉదయం జలసంధిలోకి. టెనెరీఫే మరుగున ఉండగా నీరు చెరువులా ఉంది, ఇంజను మీద వెళ్తున్నాం. అక్కడే అతను పెద్ద చాపను రెండు మడతలు కుదించాడు. మావారు ఆశ్చర్యపోయి చూశారు, నేను ఏమీ అనలేదు, మీరు రాసింది గుర్తుంది. ఇరవై నిమిషాల తర్వాత నాన్నగారే ముందుగా చూశారు. "అదిగో గీత" అన్నారు. నిజంగా గీతే. ఇవతల నీలం, అవతల తెల్లని నురగలు. గీత దాటిన కొద్ది నిమిషాల్లో గాలి 11 నుంచి 27 నాట్లకు చేరింది. పడవ ఒరిగింది, కుదుటపడింది, పరుగెత్తింది. ఇంజను ఆపేశాక వినిపించిన మోత నేను మాటల్లో చెప్పలేను. కొబ్బరి తోటలో తుపానుకు ముందు వినిపించే హోరుకు దగ్గరగా ఉంటుంది, కానీ భయం పుట్టించదు.

నాన్నగారు నడుముకు కట్టిన తాడుతో చుక్కాని చక్రం వెనుక కూర్చుని ఉన్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత దిక్సూచి మీదికి వంగి, ముఖం గాలికి తిప్పి, రెండు చెవులకూ గాలి సమానంగా తగిలే వరకు మెల్లగా తల సర్దుకుని, మళ్లీ దిక్సూచి చూశారు. "ఈశాన్యానికి కొంచెం ఉత్తరంగా ఉందమ్మా" అన్నారు. కళ్లజోడు నిండా ఉప్పు నీళ్లు. తుడుచుకోలేదు.

తిమింగలాలు ఆరు కనిపించాయి, నల్లగా, నిదానంగా. పాప అప్పటి నుంచి వాటి బొమ్మలే వేస్తోంది. అమ్మకు మాత్రం దారిలో రెండుసార్లు వాంతి అయింది. గొమేరా మరుగులోకి రాగానే గాలి తెగిపోయింది, అరగంటలో లేచి కూర్చుని ఆకలి అన్నారు.

సాన్ సెబాస్టియన్‌లో బావి చూశాం. తంగేడు పూలు గారు రాసినది నాన్నగారు అక్కడే నిలబడి పాపకు చెప్పారు, రెండు భాగాలూ. మరునాడు బస్సులో గరహోనాయ్ అడవికి. చెట్ల నిండా నాచు, పొగమంచు, ఆకుల నుంచి బొట్లు బొట్లుగా నీరు. వాన పడటం లేదు, అంతా మేఘం నుంచి చెట్లు రాబట్టుకున్న నీరే. కింద రేవులో ఎండ మాడుస్తోంది. కోరంగి రేవు గారి మూత కింద చిక్కుకున్న మేఘం అదేనని నాన్నగారు అన్నారు.

అక్కడి ఈల భాష గురించి కూడా చెప్పాలి. లోయకు ఆ పక్క ఉన్న మనిషితో ఈ పక్క నుంచి ఈలతో మాట్లాడుకుంటారు. గుర్తులు కావు, పూర్తి స్పానిష్ వాక్యాలే ఈలలో పలుకుతారు. 1999 నుంచి ఆ దీవి బడుల్లో తప్పనిసరి పాఠ్యాంశం. 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మా నావికుడు బడిలోనే నేర్చుకున్నాడట. పాప పేరును ఈలతో పిలిచి చూపించాడు. చనిపోబోయిన ఒక భాషను పలక, బలపంతో బతికించారని తెలిసి నాన్నగారు ఎంత సంతోషించారో!

తిండి విషయంలో అమ్మకు పరాయితనమే అనిపించలేదు. గోఫియో అనే పిండి ఉంది, ధాన్యాన్ని వేయించి విసిరినది. నోట్లో వేసుకుని "ఇది మన పేలపిండే" అన్నారు. ఉప్పు నీళ్లలో తొక్కతో ఉడికించిన చిన్న బంగాళదుంపలు, వాటి మీదికి ఎర్ర మిరప, వెల్లుల్లి, జీలకర్ర నూరిన మోహో అనే పచ్చడి. కారం తక్కువని అమ్మ ఫిర్యాదు, అంతే.

వాయే గ్రాన్ రేలో రాత్రి బాగా గడవలేదు. దక్షిణం నుంచి అలల పొంగు వచ్చి పడవ తెల్లవార్లూ ఊగింది, ఎవరికీ నిద్ర లేదు. మరొక రోజు అక్కడ ఉండాలనుకున్నది మానుకుని తెల్లవారగానే సాన్ సెబాస్టియన్ వచ్చేశాం. ఖాళీగా ఉంచుకోమన్న రోజు ఇలా ఉపయోగపడింది.

తిరుగు ప్రయాణంలో అమ్మా పాపా ఓడలో వెళ్లారు. నాన్నగారిని కూడా ఓడ ఎక్కమన్నాను. వినలేదు. పడవ ముందు భాగం అలల్లోకి దిగిన ప్రతిసారీ తలంటు పోసినట్టే. ఐదు గంటలు పట్టింది. లాస్ క్రిస్టియానోస్ మరుగులోకి వచ్చాక, మొదటిసారి, చుక్కాని ఆయన చేతికి ఇచ్చాడు మా నావికుడు.

వీడియో తీశాం, ధరావతు పూర్తిగా తిరిగి వచ్చింది. హుస్సేన్‌సాగర్ మిత్రునికి ప్రత్యేక కృతజ్ఞతలు.

సత్యవతి | నవంబరు 10, ఉదయం 6:50

అమ్మగారు మళ్లీ వెళ్దామంటే ఒప్పుకుంటారా?

గోదావరి గాలి | నవంబరు 10, ఉదయం 8:30

అడిగానండీ. గొమేరాకు తప్పకుండా వస్తానన్నారు, ఓడలో.

కోరంగి రేవు | నవంబరు 10, సాయంత్రం 7:15

తల తిప్పి రెండు చెవులకూ గాలి సమానంగా తగిలేలా చూసుకోవడం ఓడ మీద కొత్త కుర్రవాళ్లకు మేము నేర్పే పద్ధతి. మీ నాన్నగారికి ఎవరు చెప్పారు?

గోదావరి గాలి | నవంబరు 10, రాత్రి 9:40

ఎవరూ చెప్పలేదట. చిన్నప్పుడు నరసాపురం రేవులో పడవ వాళ్లు అలా చేయడం చూశానన్నారు.

నిన్న ఆయన ఒక బొమ్మ గీశారు, ఇక్కడ జత చేస్తున్నాను. ఈసారి బాణాలు తిన్నగా లేవు. దీవుల దగ్గర పక్కలకు ఒంగి, సందుల్లో దగ్గర దగ్గరగా వచ్చి, అవతల విడిపోతున్నాయి. పాత బడిలో ఇప్పుడు సాంఘిక శాస్త్రం చెబుతున్న మాస్టారికి పంపుతానంటున్నారు.

నల్ల ఇసుక | నవంబరు 11, అర్ధరాత్రి 12:20

చాలా బాగుంది. ఒక్క సవరణ, నాన్నగారు ఏమీ అనుకోకపోతే. గొమేరా వెనుక, నైరుతి వైపు, బాణం అలాగే ముందుకు వెళ్లిపోయింది. అక్కడ గాలి సుడి తిరిగి దీవి వైపే వెనక్కి వస్తుంది. ఒక చిన్న వంపు బాణం వేయాలి.

గోదావరి గాలి | నవంబరు 11, ఉదయం 7:45

చెప్పాను. రబ్బరు వెతుకుతున్నారు.